బ్రాకెట్లో లామార్క్

మా హుజూర్‌నగర్ వైపు చెరువు ఎండితే బురదలో చిప్పలు బయటపడతాయి. మనకు అన్నీ ఆల్చిప్పలే. సైన్సులో మాత్రం మన దేశపు చెరువుల్లో, కాలువల్లో బాగా కనిపించే ఒక రకానికి లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అని పేరు. పక్కనే బ్రాకెట్లో (లామార్క్, 1819) అని ఉంటుంది. టెన్త్ బయాలజీలో జిరాఫీ మెడ బొమ్మ పక్కన చదివి మనం నవ్వుకున్న లామార్కే ఈయన.

1744లో ఉత్తర ఫ్రాన్స్‌లో ఒక పల్లెలో, పదకొండు మంది పిల్లల్లో చివరివాడిగా పుట్టాడు. పదిహేడేళ్ళకే యుద్ధానికి పోయాడు. తర్వాత మెడకు దెబ్బ తగిలి సైన్యం వదిలేశాడు, కొన్నాళ్ళు బ్యాంకులో చేశాడు, చివరికి మొక్కల మీద పడ్డాడు. 1778లో ఫ్రాన్స్ మొక్కల గురించి మూడు సంపుటాల పుస్తకం తెచ్చాడు. సీఎస్ఈ వాళ్ళం కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. చేతిలో ఉన్న మొక్క పేరేంటో తెలియాలంటే ఆ పుస్తకంలో ప్రతి మెట్టు దగ్గరా రెండే దారులు. ఈ లక్షణం ఉంటే ఇటు, లేకపోతే అటు. అలా దిగుతూ పోతే చివర్లో పేరు దొరుకుతుంది. అచ్చం మన ఇఫ్-ఎల్సే! కంప్యూటర్ లేని రోజుల్లో డెసిషన్ ట్రీ అన్నమాట.

1793లో, నలభై తొమ్మిదేళ్ళ వయసులో, పారిస్ మ్యూజియంలో ఆయనకు కీటకాలు, పురుగుల శాఖ అప్పగించారు. అంతకుముందు లినేయస్ నత్తలు, ఆల్చిప్పలు, వానపాములు అన్నిటినీ ఒకే సంచిలో వేసి మూతికట్టేశాడు. ఆ సంచి విప్పి, ఒక్కోటీ విడదీసింది లామార్కే. వెన్నెముక లేని జీవులు అని మనం చదువుకునే గుంపు పేరు కూడా ఆయన పెట్టిందే. 1815 నుంచి 1822 వరకు వాటి మీద ఏడు సంపుటాలు రాశాడు. మన ఆల్చిప్ప 1819లో ఆరో సంపుటంలో ఎక్కింది, యూనియో మార్జినాలిస్ అనే పేరుతో.

అప్పటికే ఆయన చూపు పోతోంది. చిప్పల్ని వేరుచేయడమంటే పూర్తిగా కళ్ళతో చేసే పని. రెండు చిప్పలు కలిసే చోట పళ్ళు ఎలా ఉన్నాయి, లోపల కండరాల మచ్చలు ఎక్కడున్నాయి, అంచు ఏ రంగు, ఇవన్నీ చూడాలి. చివరి పదేళ్ళు ఆయనకు ఏమీ కనిపించలేదు. ఆయన చెబుతుంటే కూతురు రాసింది.

1900లో సింప్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త మన చిప్పను లామెల్లిడెన్స్ అనే కొత్త ప్రజాతిలోకి మార్చాడు. పలకల్లాంటి పళ్ళున్నది అని దాని అర్థం. మనలాగే ఈ పేర్లలోనూ ఇంటిపేరే ముందు. ఇంటిపేరు మారింది, మార్జినాలిస్ అలాగే ఉంది. అలా మారినప్పుడు మొదట పేరు పెట్టినవాడిని బ్రాకెట్లో పెట్టాలని రూల్. వర్షన్ హిస్టరీ లాంటిదే. కాకపోతే ఇందులో రాసిపెట్టిన కూతురికి చోటు లేదు, నాకైతే అది లోటుగానే అనిపించింది.

1829 డిసెంబరులో లామార్క్ పేదరికంలోనే పోయాడు. సమాధికి దొరికింది ఐదేళ్ళ అద్దె స్థలం. తర్వాత ఎముకలు తీసేశారు, అవి ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదు. ఆయన పోగుచేసిన చిప్పలు మాత్రం చేతులు మారి, చాలా భాగం ఇప్పుడు జెనీవా మ్యూజియంలో ఉన్నాయి.