తన ఇంజన్ తానే కట్టుకున్న వెండెల్ స్కాట్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికల్లో బాబాసాహెబ్ అంబేద్కర్ గురించో, మహాత్మా ఫూలే గురించో, మార్టిన్ లూథర్ కింగ్ గురించో వ్యాసాలు వస్తూనే ఉంటాయి. రావాలి కూడా. ఈసారి మేము ఒక మెకానిక్ గురించి రాయదలచుకున్నాం. ఆయన ఉద్యమాలు నడపలేదు, ఉపన్యాసాలు ఇవ్వలేదు. కార్ల పందేల్లో పాల్గొన్నారు. అదీ నల్లవాళ్లు అడుగుపెట్టకూడదని నిర్వాహకులు, ప్రేక్షకులు అనుకుంటున్న రోజుల్లో, తన చేత్తో బాగుచేసుకున్న పాత కార్లతో. ఆయన పేరు వెండెల్ స్కాట్.

స్కాట్ 1921 ఆగస్టు 29న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, డాన్‌విల్ పట్టణంలో జన్మించారు. తండ్రి తెల్లవాళ్ల కుటుంబాల దగ్గర కారు డ్రైవరుగా, మెకానిక్‌గా పనిచేసేవాడు. స్పానర్ పట్టడం కొడుక్కి తండ్రి దగ్గరే అబ్బింది. ఆ ఊళ్లో పని అంటే ముఖ్యంగా రెండే: బట్టల మిల్లు, పొగాకు ఫ్యాక్టరీ. రెండింటిలోనూ ఎవరో ఒక దొర కింద తలవంచుకుని బతకాలి. అది ఆయన వద్దనుకున్నారు. టాక్సీ నడిపారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి యూరప్‌లో మెకానిక్‌గా పనిచేశారు. అప్పటి అమెరికా సైన్యంలో నల్లవాళ్ల దళాలు వేరు, తెల్లవాళ్ల దళాలు వేరు. తిరిగి వచ్చాక సొంతంగా రిపేరు షెడ్డు పెట్టుకున్నారు.

షెడ్డు మీద ఇల్లు గడవక రాత్రిపూట దొంగసారా రవాణా చేసేవారు. ఇది దాచవలసిన విషయమని మేము అనుకోవడం లేదు. ఆ ప్రాంతంలో తర్వాత పేరు తెచ్చుకున్న తెల్ల రేసు డ్రైవర్లలో కూడా పలువురు ఆ పనిలోనే చెయ్యి తిప్పుకున్నవాళ్లు. బయటికి మామూలు కారులా కనిపించాలి, సరుకు బరువు మోయాలి, పోలీసు కారు కంటే ముందుండాలి. అలాంటి ఇంజన్ తయారు చేయడం చిన్న విద్య కాదు. 1949లో ఒకసారి పట్టుబడ్డారు. కోర్టు మూడేళ్ల ప్రొబేషన్ వేసింది.

1952లో డాన్‌విల్ పందేల నిర్వాహకుడికి టిక్కెట్లు అమ్ముడుపోవడం లేదు. ఒక నల్ల డ్రైవరును దింపితే జనం వింతగా చూడటానికి వస్తారని అతని ఆలోచన. ఊళ్లో వేగంగా కారు నడిపే నల్లవాడెవరని పోలీసులనే అడిగితే వాళ్లు స్కాట్ పేరు చెప్పారు. ఆ ఏడాది మే 23న ఆయన మొదటిసారి పందెంలో దిగారు. కొందరు ప్రేక్షకులు హేళన చేశారు, కారు కూడా మధ్యలో మొరాయించింది. అయినా ఇదే తన పని అని ఆయనకు ఆ రోజే తెలిసిపోయింది. కొద్ది రోజులకే పెద్ద సంస్థ నాస్కార్ పందేనికి కారు లాక్కుని వెళితే నల్లవాడని వెనక్కి పంపారు. ఆయన చిన్న చిన్న ట్రాకుల మీద ఆడుతూ గెలుస్తూ, తర్వాత నాస్కార్ లైసెన్సు సంపాదించారు. 1959లో వర్జీనియా రాష్ట్ర స్పోర్ట్స్‌మన్ చాంపియన్ అయ్యారు. 1961 మార్చి 4న సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో నాస్కార్ అత్యున్నత స్థాయి పందెంలో మొదటిసారి దిగారు.

ఇక్కడ ఆ కార్ల గురించి కొంచెం చెప్పాలి. 1960లలో అమెరికాలో పెద్ద వి-8 ఇంజన్ల మోజు. మన వంద సి.సి. బైకు ఇంజన్‌లాంటివి డెబ్బై కలిపితే ఎంతో, పెద్ద పందెం ఇంజన్లు అంత ఉండేవి, అంటే ఏడు లీటర్ల దాకా. వాటి నెత్తిన నాలుగు గొట్టాల కార్బురేటర్ కూర్చునేది. నెమ్మదిగా పోయేటప్పుడు రెండు గొట్టాలు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మిగతా రెండూ తెరుచుకుంటాయి. గొట్టం మధ్యలో సన్నబడినచోట గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. ఆ లాగుడుకు పెట్రోలు జెట్టులోంచి చిమ్ముకొచ్చి గాలిలో కలుస్తుంది. లెక్క ప్రకారం ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 గ్రాముల గాలి కావాలి. కానీ పూర్తి బలం కావాలంటే పెట్రోలు అంతకంటే కాస్త ఎక్కువే ఇవ్వాలి.

ట్యూనింగ్ అంటే ఈ పాలు కుదర్చడమే. ముందు ఇంజన్ బాగా వేడెక్కాలి, స్పార్క్ టైమింగ్ సరిగ్గా ఉండాలి, ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మట్టం సరిపోవాలి. ఈ మూడూ చూడకుండా స్క్రూ ముట్టుకున్నవాడు రోజంతా తిప్పుతూనే ఉంటాడు. తర్వాత ఐడ్లింగ్ స్క్రూలు. ఇంజన్ తడబడేదాకా లోపలికి బిగించి, మళ్లీ నున్నగా ఆడేదాకా కొంచెం కొంచెంగా వదలాలి. రెండు వైపులా సమానంగా ఉండాలి. వ్యాక్యూమ్ గేజి ఉంటే ముల్లు చెబుతుంది, లేనివాడికి చెవే గేజి. ఇక పూర్తి వేగం సంగతి స్క్రూలతో తేలదు, జెట్లు మార్చాలి. ట్రాకు మీద గట్టిగా తోలి, ఒక్కసారిగా ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ విప్పి రంగు చూడాలి. లేత గోధుమ రంగుంటే సరి. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా పాలిపోతే పెట్రోలు తక్కువై లోపల వేడి మితిమీరుతోందని అర్థం. అలాగే వదిలేస్తే పిస్టన్ కాలి చిల్లు పడుతుంది. ఎండ ముదిరితే గాలి పలచబడి పొద్దున కుదిరిన పాలు మధ్యాహ్నానికి కుదరదు.

మన మెకానిక్ షెడ్లలో కూడా ఈ విద్యే నడిచింది. 2020లో బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక మన దేశంలో కొత్త బైకులకు కార్బురేటర్ దాదాపు లేదు. నాస్కార్ పెద్ద పందేల్లో మాత్రం 2011 దాకా కార్బురేటరే, 2012లో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది.

ఇప్పుడు స్కాట్ పరిస్థితి ఆలోచించండి. పెద్ద టీములకు కార్ల కంపెనీల సాయం, విడి ఇంజన్లు, జీతమిచ్చి పెట్టుకున్న మెకానిక్‌లు. ఒక ఇంజన్ కాలిపోతే ఇంకొకటి దించుతారు. ఈయనకు పెద్ద స్పాన్సర్ లేడు. పాత కారు, వాడేసిన విడిభాగాలు, సాయానికి కొడుకులు. ఇంట్లో ఏడుగురు పిల్లలు. ఇంజన్ కాలిపోతే వచ్చే వారం పందెమూ లేదు, ఇంట్లోకి డబ్బూ లేదు. అందుకే ఆయన తరచుగా ఇంజన్‌ను కాపాడుకుంటూ, చివరిదాకా నిలిచి, వచ్చిన స్థానానికి వచ్చిన బహుమతి తీసుకుని వచ్చేవారు. 495 పందేల్లో ఒక్కటే గెలిచారని కొందరు తక్కువ చేస్తారు. మేము ఒప్పుకోం. వాటిలో 147 సార్లు మొదటి పదిమందిలో నిలిచారు. 1966లో ఏడాది మొత్తం పాయింట్లలో ఆరో స్థానం. తోలిన చేత్తోనే ఇంజన్ విప్పి బిగించుకున్న మనిషి లెక్క ఇది.

పందేనికి పోయిన ఊళ్లలో హోటళ్లు గది ఇచ్చేవి కావు, భోజనం పెట్టేవి కావు. రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మనవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ఆ ఒక్క గెలుపు. 1963 డిసెంబరు 1, ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్. అర మైలు మట్టి ట్రాకు, 200 రౌండ్లు. గుంతలు పడిన ట్రాకు మీద పెద్ద పెద్ద కార్లే దెబ్బతిన్నాయి. ఇంకా 25 రౌండ్లు ఉందనగా స్కాట్ తన షెవర్లేతో రిచర్డ్ పెట్టీని దాటారు. ఆయన 200 రౌండ్లు పూర్తిచేసినా గెలుపు జెండా ఊపలేదు. ఇంకో రెండు రౌండ్లు తిరిగారు. బక్ బేకర్ గెలిచాడని ప్రకటించి కప్పు అతని చేతికిచ్చారు. గంటల తరువాత, జనం ఇళ్లకు వెళ్లిపోయాక, లెక్కలో పొరపాటు జరిగింది, స్కాటే గెలిచారని అధికారులు ఒప్పుకున్నారు. అది పొరపాటు కాదని, కప్పు ఇచ్చే వేదిక మీద తెల్ల అందాల రాణి పక్కన నల్లవాడు నిలబడటం ఇష్టంలేకే అలా చేశారని స్కాట్ చివరిదాకా నమ్మారు. మేమూ అదే నమ్ముతున్నాం. రెండు రౌండ్లు ముందున్న కారు లెక్క తెలిసినవాళ్లకు కనిపించకపోవడం ఎలా సాధ్యం? అసలు కప్పు మాత్రం ఆయన చేతికి ఎన్నడూ రాలేదు.

1973 మే 6న అలబామాలోని టల్లడేగాలో చాలా కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్న ప్రమాదంలో స్కాట్ తీవ్రంగా గాయపడ్డారు. ఆ సంవత్సరమే ఇంకొక్కసారి షార్లెట్‌లో కారెక్కి పన్నెండో స్థానంలో వచ్చి, పందేలు మానుకున్నారు. 1977లో ఆయన జీవితం మీద గ్రీస్డ్ లైట్నింగ్ అనే సినిమా వచ్చింది, రిచర్డ్ ప్రయర్ ఆయన పాత్ర వేశాడు. 1990 డిసెంబరు 23న డాన్‌విల్‌లోనే వెన్నెముక క్యాన్సర్‌తో కన్నుమూశారు.

2015లో నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు. జాక్సన్‌విల్ గెలుపుకు నాస్కార్ కప్పు తయారు చేయించి 2021 ఆగస్టు 28న డేటోనా ట్రాకు మీద ఆయన కుటుంబానికి అందజేసింది. మరునాడు ఆయన నూరో పుట్టినరోజు.