కెప్లర్ చూపిన తలకిందుల బొమ్మ

బడిలో మైక్రోస్కోపు కింద ఉల్లిపొర పెట్టి చూసినవారికి గుర్తుండే ఉంటుంది. స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది. వస్తువు పైభాగం నుంచి వచ్చిన కిరణాలు మొదటి కటకం దాటి కిందికీ, కింది భాగం నుంచి వచ్చినవి పైకీ చేరతాయి. కంటి దగ్గరి కటకం ఆ తలకిందుల బొమ్మను పెద్దది చేస్తుందే గాని తిరగవేయదు. రెండు కుంభాకార కటకాలతో ఇలాగే జరుగుతుందని 1611లో దూరదర్శిని గురించి రాస్తూ వివరించినది జోహాన్నెస్ కెప్లర్. మూడో కటకం చేరిస్తే బొమ్మ నిటారవుతుందనీ అందులోనే చెప్పారు.

ఆయన 1571లో జర్మనీలోని వైల్ డెర్ స్టాట్‌లో పుట్టారు. చిన్నతనంలో మశూచి సోకి చూపు దెబ్బతింది. అలాంటి మనిషే చూపు ఎలా కలుగుతుందో తేల్చారంటే మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సంఘకాపరి కావాలని టూబింగెన్‌లో వేదాంతం చదివారు గాని, 1594లో ఆయన్ను గ్రాట్స్‌కు గణితం చెప్పడానికి పంపారు. కతోలిక మతంలో చేరనన్నందుకు 1600లో ఆ ఊరు వదిలి ప్రాగ్ చేరారు.

కంటి వెనుక పొర మీద పడే బొమ్మ కూడా తలకిందులేనని 1604లో అచ్చువేశారు. అంతకుముందు పండితులు బొమ్మ నిటారుగానే ఉండాలని పట్టుపట్టేవారు. కెప్లర్ మాత్రం లెక్క ఎటు నడిపిస్తే అటే నడిచారు. మరి లోకం మనకు నిటారుగా ఎలా కనబడుతోంది? అది తన లెక్కకు అందదని ఒప్పుకుని, ఆ ప్రశ్నను ప్రకృతి తత్వవేత్తలకు వదిలేశారు.

ఆ నిక్కచ్చితనమే తర్వాత లింట్స్‌లో కష్టం తెచ్చింది. క్రీస్తు శరీరం సర్వవ్యాపి అన్న బోధకు మనసు ఒప్పక, లూథరన్ సంఘ విశ్వాసపత్రం మీద షరతు లేకుండా సంతకం చేయనన్నారు. 1612లో కాపరి డేనియల్ హిట్స్‌లర్ ఆయన్ను ప్రభువు బల్లకు రానివ్వలేదు. స్టుట్‌గార్ట్‌లోని సంఘాధికారులకు మొరపెట్టుకుంటే వారూ కాపరి పక్షమే నిలిచారు. ఆ కాపరిని కఠినుడనడం తేలికే, సిద్ధాంతాన్ని కాపాడటం ఆయన బాధ్యత కూడా. అయినా విశ్వాసం కోసం ఒక ఊరు పోగొట్టుకున్నవాడికి సొంత సంఘమే రొట్టె ఇవ్వననడం మాకు మింగుడుపడదు. ఆయన అలిగి అవతలి పక్షానికీ పోలేదు.

ఈలోగా తల్లి కథరీనా మీద మంత్రగత్తె అన్న నింద పడింది. కొడుకే పూనుకుని ఆమె తరఫున పోరాడగా 1621లో విడుదలైంది.

1630 నవంబరులో రేగెన్స్‌బుర్గ్‌లో ఆయన కన్నుమూశారు. ఊరి బయట ప్రొటెస్టెంట్ శ్మశానంలో పెట్టిన సమాధి, కొద్ది ఏళ్ళకే యుద్ధంలో ఆనవాలు లేకుండా పోయింది.