ఆల్ఫ్రెడ్ బ్యూఖి

ఆల్ఫ్రెడ్ బ్యూఖి (జూలై 11, 1879 - అక్టోబరు 27, 1959) స్విట్జర్లాండ్ దేశానికి చెందిన ఇంజనీరు, టర్బోఛార్జరు ఆవిష్కర్త. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువులతోనే ఇంజనుకు అదనపు గాలిని అందించవచ్చునని నిరూపించాడు.

బాల్యం, విద్య

బ్యూఖి వింటర్‌థూర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి యొహాన్ బ్యూఖి సుల్జర్ యంత్ర పరిశ్రమలో ఉన్నతోద్యోగి. ఆల్ఫ్రెడ్ 1903లో జ్యూరిక్ సాంకేతిక విద్యాలయం నుండి పట్టభద్రుడై, కొంతకాలం బెల్జియం, ఇంగ్లాండు దేశాలలో పనిచేశాడు.

ఆవిష్కరణ

సాధారణ ఇంజను, పిస్టన్ కిందికి దిగినపుడు తానై పీల్చుకొన్న గాలితోనే నడుస్తుంది. గాలి ఎంతో, మండించగల ఇంధనమూ అంతే. పుట్టిన ఉష్ణంలో పెద్దభాగం పొగతో పోతుంది. ఆ పొగతో టర్బైనును త్రిప్పి, దానితో కంప్రెసరును నడిపి, గాలిని ఒత్తిడితో సిలిండరులోనికి పంపే పద్ధతికి బ్యూఖి పొందిన జర్మన్ పేటెంటు (సంఖ్య 204630) 1905 నవంబరు 16 నాటిది.

ఇరవై ఏళ్ళ కృషి

1909లో సుల్జర్ సంస్థలో చేరి ప్రయోగాలు సాగించాడు. 1915 నాటి నమూనా ఆశించిన ఫలితమివ్వలేదు. 1925లో పరిష్కారం లభించింది. ఒక సిలిండరు పొగ మరొకదానికి అడ్డుపడకుండా గొట్టాలను విడదీశాడు. రెండు కవాటాలనూ క్షణకాలం ఒకేసారి తెరచి ఉంచి, తాజా గాలితో సిలిండరును శుభ్రపరచి చల్లబరచాడు.

1926లో ప్రాయిసెన్, హాన్సెస్టాట్ డాన్‌జిగ్ అనే జర్మన్ ప్రయాణికుల ఓడలలో పది సిలిండర్ల డీజిల్ ఇంజన్ల శక్తి టర్బోఛార్జరు వలన 1,750 నుండి 2,500 హార్స్‌పవరుకు పెరిగింది. అదే ఏడు సుల్జర్‌ను వీడి, బ్రౌన్ బోవెరి తదితర సంస్థలతో కలిసి తన పద్ధతిని వ్యాప్తి చేశాడు.

మరణం

1959 అక్టోబరు 27న వింటర్‌థూర్‌లో మరణించాడు. టర్బో కారు విపణికి వచ్చినది ఆ తరువాత మూడేళ్ళకు.

ప్రభావం

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ మోన్జా స్పైడర్ కార్లు వెలువడ్డాయి. జెట్‌ఫైర్ 3.5 లీటర్ల ఇంజనులో సంపీడన నిష్పత్తిని 10.25 వద్దనే ఉంచి టర్బో అమర్చారు. పెట్రోలు అకాలంగా పేలకుండా నీరు, మిథనాల్ మిశ్రమాన్ని చిమ్మవలసి వచ్చేది. యజమానులు దానిని నింపడంలో అశ్రద్ధ చూపడంతో పలు కార్లకు టర్బోను తొలగించారు. గాలిని పెంచితే సరిపోదు. ఆ ఒత్తిడికీ వేడికీ తగినట్లు సంపీడన నిష్పత్తిని, పిస్టన్లను, ఇంధన సరఫరాను మార్చాలని ఈ అనుభవం తెలిపింది.

తెలుగునాట కాజీపేట, గుత్తి షెడ్ల నుండి దశాబ్దాల పాటు నడచిన డబ్ల్యుడిఎం-2 రైలింజన్ల 2,600 హార్స్‌పవరు కూడా టర్బోఛార్జరు సాయంతో వచ్చినదే.