పిచ్చాసుపత్రిలో మూడేళ్ళున్న పునీతుడు

గులాబీలు పట్టుకున్న చిన్న తెరేజమ్మగారిని మీరెరుగుదురు. చాలామంది ఇళ్ళలో ఆమె పటం ఉంటుంది. ఆమె తండ్రి లూయీ మార్టిన్‌గారు మూడేళ్ళకు పైగా పిచ్చాసుపత్రిలో గడిపారన్న సంగతి మీలో ఎందరికి తెలుసు?

లూయీగారు 1823లో ఫ్రాన్సు దేశంలోని బోర్డోలో జన్మించారు. మఠంలో చేరాలని వెళితే లాటిను రాదని చేర్చుకోలేదు. అలెన్సోన్ పట్టణంలో గడియారాల దుకాణం పెట్టుకుని, 1858లో జెలీ గెరెన్‌గారిని వివాహమాడారు. తొమ్మండుగురు బిడ్డల్లో నలుగురు పసితనంలోనే పోయారు. 1877లో రొమ్ము క్యాన్సరుతో భార్యా పోయారు. మిగిలిన ఐదుగురు ఆడపిల్లలతో ఆయన లిసియో చేరారు. అప్పటికి తెరేజకు నాలుగేళ్ళు.

1887లో పక్షవాతం వచ్చింది. ఆపైన మతిమరుపు మొదలైంది. 1888 జూన్‌లో ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి వెళితే, కొన్ని రోజులకు లె హావ్ర్ రేవు పట్టణంలో దొరికారు. 1889 జనవరి 10న తెరేజ మఠవస్త్రం ధరించిన వేడుకలో మాత్రం చక్కగా ఉన్నారు. ఆ తరువాత నెల దాటిందో లేదో, లేని యుద్ధం, రక్తపాతం కళ్ళకు కట్టి, కూతుళ్ళను కాపాడుకోవాలని పిస్తోలు చేతపట్టారు. ఫిబ్రవరి 12న ఆయనను కాన్ పట్టణంలో మఠకన్యలు నడిపే బోన్ సోవర్ ఆసుపత్రిలో చేర్చారు.

ఊరు ఊరుకుంటుందా? కూతుళ్ళు ఒక్కొక్కరే మఠంలో చేరినందుకే ఆయనకు మతి చెడిందన్నారు. ఆ మాట తెరేజ చెవిన కూడా పడింది. మెదడులోని రక్తనాళాలు గట్టిపడటమే దీనికి మూలమని ఈనాటి వైద్యం చెబుతుంది. అందులో కూతుళ్ళ తప్పేముంది, ఆయన పాపమేముంది? మన ఇళ్ళలో మాత్రం ఇప్పటికీ, వారాల తరబడి నిద్రాహారాలు లేక దిగులుతో కుమిలిపోయేవారిని విశ్వాసం చాలదంటున్నాం, దయ్యం పట్టిందంటున్నాం. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని లోపలి గదిలో దాస్తున్నాం. ప్రార్థన చేయించండి, తప్పులేదు. కాని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళడం మానకండి.

మార్టిన్ కుటుంబం దాచలేదు. సెలీన్, లెయోనీ తండ్రికి దగ్గరగా ఉండాలని కొన్ని నెలలు కాన్‌లోనే బస చేశారు. ఆయనను చూడనిచ్చేది వారానికి ఒక్కసారే. మఠం గోడల మధ్య ఉన్న తెరేజకు ఆ భాగ్యమూ లేదు. అయినా తన ఆత్మకథలో ఆ సంగతి దాచిపెట్టలేదు. మతి కుదురుగా ఉన్న గడియల్లో లూయీగారికి తానెక్కడున్నదీ తెలుసు. నా దృష్టిలో ఆయన పడ్డ బాధల్లో అదే పెద్దది. ఇన్నాళ్ళూ ఆజ్ఞలిచ్చిన తాను ఇక లోబడటం నేర్చుకోవాలని అక్కడివారితో అన్నారట.

కాళ్ళు పడిపోయాక, 1892 మే 10న ఆయనను లిసియోకు తీసుకువచ్చారు. సెలీన్ చేతిమీదుగా సేవలందుకుని, 1894 జూలై 29న కన్నుమూశారు. 2015 అక్టోబరు 18న ఫ్రాన్సిస్ పోపుగారు ఆ దంపతులిద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు. వారి పండుగ జూలై 12.