మెదడు రక్తనాళాలకు దారి చూపిన ఎగాస్ మొనిజ్

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతపు మన తెలుగు పల్లెల్లో ఎవరైనా హఠాత్తుగా భరించరాని తలనొప్పితో కూలిపోతే, మదురైకో తిరునెల్వేలికో తరలిస్తాము. తలలో రక్తస్రావమని స్కాన్‌లో తేలితే, మెదడు రక్తనాళాలకు ఆంజియోగ్రామ్ చేయాలని వైద్యులు చెబుతారు. ఈనాడు ఆ పరీక్షనూ, తదుపరి చికిత్సనూ కొందరికి మణికట్టు ధమని గుండానే చేస్తున్నారు. ఈ వైద్యమార్గానికి ఆద్యుడు పోర్చుగల్ దేశీయుడైన ఎగాస్ మొనిజ్.

ఆయన 1874 నవంబరు 29న అవాంకా అనే గ్రామంలో జన్మించారు. ఎగాస్ మొనిజ్ అన్నది పూర్వకాలపు పోర్చుగీసు వీరుని పేరు. జ్ఞానపితయైన బంధువు దానిని ఆయనకు పెట్టారు. కోయింబ్రాలో వైద్యవిద్య నభ్యసించి, 1911లో లిస్బన్ నగరంలో నరాల వైద్యశాఖకు ఆచార్యులయ్యారు. రాజకీయాలలోనూ రాణించి 1918లో విదేశాంగ మంత్రి అయ్యారు. ఆ పిమ్మట రాజకీయాలను వీడి, యాభై ఏళ్లు దాటిన వయసులో పరిశోధనకు పూనుకున్నారు.

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని రక్తనాళం కనబడదు. రక్తంలో ఎక్స్‌రేను అడ్డగించే మందును కలిపితే నాళాల రూపం తెలుస్తుందని మొనిజ్ తలచారు. యౌవనం నుండి పీడించిన గౌట్ వాతరోగం వలన ఆయన చేతులు శస్త్రచికిత్సకు పనికిరాలేదు. కనుక ఆలోచన ఆయనది, చేయి శిష్యుడైన అల్మేడా లిమాది. తొలి ప్రయత్నాలు విఫలమయ్యాయి. ఒక రోగి మరణించాడు. మందును మార్చి, 1927 జూన్ 28న ఇరవై ఏళ్ల రోగి మెడలోని ధమనిలోకి సోడియం అయొడైడ్ ద్రావణం ఎక్కించగా, మెదడు నాళాలు చిత్రంలో స్పష్టంగా కనిపించాయి. నాళపు గోడ పలుచబడి బుడగవలె ఉబ్బే అన్యూరిజం అనే వ్యాధిని సైతం 1933లో ఆయన ఈ పద్ధతిలో చూపగలిగారు.

అయితే 1949లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది దీనికి కాదు. మానసిక రోగులకు మెదడు ముందుభాగపు తంతువులను తెంచే శస్త్రచికిత్సను 1935లో ఆయన ప్రారంభించారు. బహుమతి దానికి దక్కింది. అది ఎందరో రోగుల వ్యక్తిత్వాన్ని దెబ్బతీసినందున వైద్యలోకం క్రమంగా దానిని విడిచింది. బహుమతి పొందిన పని మరుగునపడగా, బహుమతి పొందని పని నేటికీ ప్రాణాలు నిలుపుతున్నది. మొనిజ్ 1955 డిసెంబరు 13న లిస్బన్‌లో కన్నుమూశారు.

ఆయన వేసిన బాటను పిమ్మటివారు విస్తరించారు. 1989లో కెనడా వైద్యుడు కాంపో గుండె నాళాల పరీక్షను మణికట్టు ధమని ద్వారా జరపవచ్చునని ప్రకటించారు. 1990లో గుగ్లియెల్మి అన్యూరిజంలో ప్లాటినం తీగచుట్టలను నింపి మూసే విధానాన్ని రోగులకు ప్రారంభించారు. ఈ రెండు దారులు కాలక్రమాన కలిశాయి. నాడి పట్టి చూసే చోట సన్నని గొట్టాన్ని ప్రవేశపెట్టి, భుజం మీదుగా మెదడు నాళాల వరకు నడిపిస్తారు. అరచేతికి మరొక ధమని కూడా రక్తం అందిస్తుంది. మణికట్టును పైనుండి అదిమి రక్తస్రావాన్ని సులభంగా ఆపవచ్చు. తొడ మొదట గొట్టం వేసినప్పటివలె గంటల తరబడి కాలు కదపక పడుకోనక్కరలేదు. కాని ధమని మరీ సన్ననైనా, నాళాలు మెలికలు తిరిగినా తొడ మార్గమే మేలు. ఆ నిర్ణయం వైద్యులదే.

ఎంతటి విద్య అయినా రోగి సకాలంలో చేరితేనే ఫలిస్తుంది. ఒకసారి చిట్లిన అన్యూరిజం తొలి ఇరవైనాలుగు గంటలలోనే మళ్లీ చిట్లే ప్రమాదం అధికం. పిడుగుపడినట్లు తలనొప్పి రావడం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం కనిపిస్తే, మాత్ర వేసి తెల్లవారేదాకా వేచి ఉండరాదు. వెంటనే 108కి ఫోను చేసి, మెదడు శస్త్రచికిత్స వసతి గల ఆసుపత్రికి చేర్చాలి.