రెండంగుళాల సిలిండరు: జేమ్స్ వాట్ జీవితం

విద్యుద్దీపపు గాజుబుడ్డి మీద అంకె ప్రక్కన ఒక మనిషి పేరు అచ్చుపడి వుంటుంది. ఆ మనిషి విద్యుచ్ఛక్తిని గూర్చి పరిశోధించినవాడు కాడు. అతడు గతించిన 63 సంవత్సరాలకు, 1882లో, విలియం సీమెన్స్ అనే శాస్త్రజ్ఞుడు శక్తిప్రమాణానికి అతని పేరు పెట్టాలని ప్రతిపాదించగా, కాలక్రమేణ లోకమంతా దానిని అంగీకరించింది. పాఠశాలలలో పిల్లలకు జేమ్స్ వాట్‌ను గూర్చి చెప్పే కథ సాధారణంగా ఒక్కటే. టీ కాచే కెటిలు మూతను ఆవిరి ఎగదన్నడం చూచి బాలుడు ఆవిరియంత్రాన్ని కనిపెట్టాడట! కథ ముచ్చటగానే వున్నది కాని, ఆవిరియంత్రం వాట్ పుట్టకముందే వున్నది. డార్ట్‌మత్ పట్టణంలో ఇనుపసామాను వర్తకుడైన థామస్ న్యూకామెన్ 1712లోనే గనులలోని నీటిని తోడే యంత్రాన్ని నిలబెట్టాడు. వాట్ చేసింది వేరు. దానికి మూలం కెటిలు మూత కాదు. బల్లమీద ఇమిడే ఒక చిన్న ఇత్తడి యంత్రం.

వాట్ 1736 జనవరి 19న స్కాట్లండులోని గ్రీనాక్ అనే రేవుపట్టణంలో జన్మించాడు. తాత గణితమూ, నౌకాయాన శాస్త్రమూ బోధించిన ఉపాధ్యాయుడు. తండ్రి ఓడలకు కావలసిన సామగ్రిని తయారుచేయించి అమ్మేవాడు. నావికుల పరికరాలను బాగుచేయించేవాడు. బాలుడు బలహీనుడు. తరచు తలనొప్పితో మంచం పట్టేవాడు. అందువల్ల బడికి పోయినదానికన్న ఇంటివద్ద వున్నదే ఎక్కువ. తండ్రి తన కర్మశాలలో ఒక మూల చిన్న బల్ల వేయించి, కుర్రవాని చేతికి తగిన పనిముట్లు ఇచ్చాడు. అక్కడ వాట్ ఓడలపై బరువులెత్తే యంత్రాలకు చిన్న నమూనాలు చేసేవాడు. బడిలో మందకొడి అనిపించుకున్నవాడు ఆ బల్ల దగ్గర మాత్రం పెద్ద పనివారిని ఆశ్చర్యపరచేవాడు.

తల్లి 1753లో మరణించింది. తండ్రి వ్యాపారం కూడా దెబ్బతిన్నది. కొడుకు తన పొట్ట తాను పోసుకోవలసివచ్చింది. గణితపరికరాలు చేసే వృత్తి నేర్చుకోవాలని 1755లో లండనుకు పోయాడు. ఆ వృత్తికి ఏడేండ్ల శిష్యరికం నియమం. వాట్‌కు అంత వ్యవధి లేదు, అంత సొమ్మూ లేదు. కార్న్‌హిల్ వీధిలోని జాన్ మార్గన్ అనే పనివాడు 20 గినీలు తీసుకొని, చేసే చాకిరీ తనకే చెందేటట్లు ఒప్పుకొని, ఒక్క యేడాది నేర్పడానికి అంగీకరించాడు. ఆ యేడాదిలో వాట్ కొలబద్దలు, కోణమానాలు, ఇత్తడి కీళ్ళు గల వృత్తలేఖినులు చేయడం నేర్చాడు. రేవులలోనూ వీధులలోనూ యువకులను బలవంతంగా పట్టి నౌకాదళంలో చేర్చుకొంటున్న కాలమది. అందుచేత బయటికి పోవడానికే భయపడేవాడు. తిండి తగ్గించుకొని, చలిలో కూర్చుని పనిచేసి, ఆరోగ్యం చెడగొట్టుకొని 1756లో స్వదేశం చేరుకున్నాడు.

గ్లాస్గోలో అంగడి పెట్టబోతే, పూర్తి శిష్యరికం చేయనివానికి ఆ పట్టణంలో వృత్తి చేసే హక్కు లేదని లోహపు పనివారల సంఘం అడ్డుతగిలిందని చెబుతారు. అతనికి ఆశ్రయమిచ్చినది విశ్వవిద్యాలయం. జమైకా నుండి వచ్చిన కొన్ని ఖగోళపరికరాలు సముద్రపు గాలికి తుప్పుపట్టగా, వాటిని శుభ్రపరచి సరిచేసినందుకు వాట్‌కు 5 పౌన్లు ముట్టాయి. తరువాత 1757లో విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలోనే అతనికొక గది ఇచ్చి, తన గణితపరికరాల నిర్మాతగా గుర్తించింది. జీతం లేదు. బ్రతుకుతెరువుకై అతడు కొలబద్దలతోపాటు వేణువులు, ఫిడేళ్ళు కూడా బాగుచేసేవాడు. అయితే సంగీతజ్ఞానం మాత్రం అతనికి శూన్యమని మిత్రుల వాదు. రసాయనశాస్త్ర ఆచార్యుడు జోసెఫ్ బ్లాక్, విద్యార్థి జాన్ రాబిసన్ ఆ గదికి నిత్యమూ వచ్చిపోయేవారు. ఆచార్యుడు పనివాని బల్ల దగ్గరకు వచ్చి కూర్చుని మాట్లాడడం ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా అరుదే.

1763–64 శీతకాలంలో ఆచార్య జాన్ ఆండర్సన్ ఒక నమూనాను మరమ్మతుకై వాట్‌కు అప్పగించాడు. అది పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులకు చూపడానికి చేయించిన న్యూకామెన్ యంత్రపు నమూనా. అంతకుముందే లండనులోని పేరుపొందిన పనివాని వద్దకు పంపినా ఫలితం కలుగలేదు. సిలిండరు అడ్డుకొలత 2 అంగుళాలు. పిస్టను నడక 6 అంగుళాలు. వాట్ దానిలో చెడిన భాగాలన్నీ సరిచేశాడు. నిప్పు రాజవేస్తే యంత్రం నాలుగైదుసార్లు ఊగి ఆగిపోయింది. బాయిలరు చూడడానికి చాలినంత పెద్దదే, కాని ఆవిరి చాలడం లేదు!

మరొకడైతే భాగాలన్నీ సరిగానే వున్నవని చెప్పి కూలి తీసుకొని పంపివేసేవాడు. వాట్ అక్కడ ఆగలేదు.

న్యూకామెన్ యంత్రం పనిచేసే తీరు ఇది. సిలిండరును ఆవిరితో నింపి, అందులోకి చన్నీళ్ళు చిమ్ముతారు. ఆవిరి నీరై లోపల శూన్యం ఏర్పడుతుంది. బయటి వాయుభారం పిస్టనును క్రిందికి నొక్కుతుంది. మళ్ళీ ఆవిరి, మళ్ళీ చన్నీళ్ళు. అంటే ప్రతిసారీ సిలిండరు కాగాలి, ప్రతిసారీ చల్లారాలి. గని దగ్గర బొగ్గుకు కొదువ లేదు గనుక ఆ దుబారా ఎవరికీ కంటపడలేదు. నమూనాలో అది దాగలేదు. ఎందువల్లనంటే, ఒక పాత్ర కొలతలన్నీ పదవవంతుకు తగ్గిస్తే, దానిలో పట్టే ఆవిరి వెయ్యవవంతు అవుతుంది. గోడల వైశాల్యం మాత్రం నూరవవంతే అవుతుంది. కనుక చిన్న సిలిండరులోని ఆవిరికి, తన పాలును మించి పదిరెట్ల గోడను వేడిచేయవలసిన భారం పడుతుంది. పెద్ద యంత్రం కప్పిపుచ్చిన లోపాన్ని బొమ్మయంత్రం బయటపెట్టింది.

వాట్ కొలవడం మొదలుపెట్టాడు. ఇత్తడికి బదులు అవిసెనూనెలో నానబెట్టిన కర్రతో సిలిండరు చేసి చూచాడు. ఒక కొలత నీరు ఆవిరియైతే సుమారు 1,800 కొలతలు ఆక్రమిస్తుందని తెలుసుకొన్నాడు. టీ కెటిలు ముక్కుకు గాజుగొట్టం తగిలించి ఆవిరిని చన్నీటిలోకి పంపగా, తన బరువుకు ఆరురెట్ల నీటిని ఆవిరి మరుగుదలకు తెచ్చింది. (కెటిలు అతని జీవితంలో నిజంగా కనిపించేది ఇక్కడనే!) ఈ వింత బ్లాక్‌తో చెప్పగా, తాను కొంతకాలంగా బోధిస్తున్న గుప్తోష్ణ సిద్ధాంతాన్ని ఆయన వివరించాడు.

ఆవిరి వృథా కాకుండా వుండాలంటే సిలిండరు ఎప్పుడూ వేడిగా వుండాలి. మంచి శూన్యం ఏర్పడాలంటే చల్లబడాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరడమెలా? 1765 వసంతకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం గ్లాస్గో పచ్చికబయలులో నడుస్తుండగా అతనికి సమాధానం స్ఫురించింది. ఆవిరి శూన్యంలోకి పరుగెత్తుతుంది గనుక, దానిని సిలిండరులో గాక, ప్రక్కన చల్లగా వుంచిన వేరొక పాత్రలోకి పోనిచ్చి అక్కడ నీరుచేయవచ్చు. ఆదివారం పనిముట్టు పట్టుకోవడం ఆ దేశపు ఆచారానికి విరుద్ధం. ఒకటి రెండు రోజులలోనే అతడు నమూనా నిర్మాణానికి పూనుకొన్నాడు.

ఆ నమూనాకు కావలసిన భాగాలు ఏ అంగడిలోనూ దొరికేవి కావు. చేతికి దొరికినవాటితోనే చేసుకోవలసివచ్చింది. సిలిండరు ఒక పెద్ద ఇత్తడి పిచికారి. అడ్డుకొలత ఒకటిముప్పావు అంగుళం, పొడవు 10 అంగుళాలు. పైమూత, అడుగుమూత తగరపు రేకుతో చేశాడు. పిస్టను కాడను నిలువునా తొలిచి, లోపల చేరిన నీరు కారిపోవడానికి దాని కొనన చిన్న కవాటం అమర్చాడు. కండెన్సరుకు పలుచని రేకుతో చుట్టిన రెండు గొట్టాలు. ఒక్కొక్కటి 10, 12 అంగుళాల పొడవు, లావు అంగుళంలో ఆరవవంతు. గాలినీ, నీటినీ లాగివేయడానికి అంగుళం లావు గల మరొక గొట్టం. ఇవన్నీ చన్నీళ్ళ తొట్టిలో నిలబెట్టాడు. పిచికారిని తలక్రిందులుగా వుంచి, కాడకు 18 పౌన్ల బరువు వ్రేలాడదీశాడు. గాలి వెడలిపోయిన తరువాత పంపు లాగగానే ఆవిరి రేకుగొట్టాలలోకి దూకింది. బరువు పైకి లేచింది.

ఆ దినాలలోనే రాబిసన్ ఆ గదికి వచ్చాడు. వాట్ నెగడి ముందు కూర్చుని, ఒళ్ళో ఒక చిన్న రేకుతొట్టి పెట్టుకొని దానివంకే చూస్తున్నాడు. మిత్రుడు ఆవిరియంత్రాల ప్రస్తావన ఎత్తగా, దానిని మెల్లగా క్రిందపెట్టి, కాలితో బల్ల క్రిందికి త్రోసివేశాడట. ఎంత స్నేహితునికైనా చూపదగిన సమయం ఇంకా రాలేదు.

ఆ సమయం రావడానికి మరి 11 సంవత్సరాలు పట్టింది. పిచికారి లోపలి గోడ నునుపుగా, గుండ్రంగా వుంటుంది. నిలువెత్తు సిలిండరును అలా తయారుచేయగలవారు ఆనాడు లేరు. కార్రన్ ఇనుపకర్మాగార స్థాపకులలో ఒకడైన జాన్ రోబక్ పెట్టుబడి పెట్టగా, 1769 జనవరిలో పేటెంటు లభించింది. కిన్నీల్ అనే చోట 18 అంగుళాల సిలిండరుతో యంత్రం లేచింది. కాని ఆ సిలిండరు గుండ్రం కాదు. ఒక ప్రక్క వ్యాసం ఎక్కువ, మరొక ప్రక్క తక్కువ. పిస్టను అంచుకు బెండు, నూనెగుడ్డ, నార, కాగితం, చివరకు గుర్రపుపేడ కూడా దట్టించి చూచాడు. ఆవిరి ఎక్కడో ఒకచోట బుసకొట్టుతూనే వుండేది. తన చేతితో అంగుళంలో ఆరవవంతు గొట్టం చుట్టగలవాడు, పరుల చేత అడుగున్నర సిలిండరును సరిగా చేయించుకోలేకపోయాడు. సంసారం గడవడానికి కాలువల సర్వే పనులలో చేరాడు. రోబక్ అప్పులపాలై దివాలా తీశాడు. 1773 శరత్కాలంలో వాట్ ఉత్తరపు కొండసీమలలో కాలువకై కొలతలు తీస్తుండగా, భార్య మార్గరెట్ ప్రసవవేదనలో మరణించింది. వానలలో గతుకుల బాటలు దాటి ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. ఆమె ధైర్యం చెప్పబట్టే అతడు అన్నేండ్లు ఆ యంత్రాన్ని విడువక పట్టుకొన్నాడు.

రోబక్ ఋణదాతలలో బర్మింగ్‌హామ్ వర్తకుడు మాథ్యూ బౌల్టన్ ఒకడు. తనకు రావలసిన 1,200 పౌన్ల క్రింద ఆయన పేటెంటులో రోబక్ వాటాను తీసుకొన్నాడు. తక్కిన ఋణదాతలు దానిని పూచికపుల్లగా ఎంచారు. కిన్నీల్ యంత్రాన్ని భాగాలుగా విప్పి బౌల్టన్ గారి సోహో కర్మాగారానికి తరలించారు. 1774లో వాట్ కూడా అక్కడికి చేరుకొన్నాడు.

అసలు చిక్కు విప్పినవాడు జాన్ విల్కిన్సన్. పాత పద్ధతిలో తొలిచే కడ్డీకి ఒక చివరనే ఆధారం వుండేది. అది బరువుకు వంగి, పోతలోని వంకరనే అనుసరించేది. విల్కిన్సన్ కడ్డీని సిలిండరులోగుండా పోనిచ్చి రెండు చివరలా ఆధారమిచ్చాడు. కత్తి ఆ కడ్డీ వెంబడి జరుగుతూ కోసేది. అతడు తొలిచిన 50 అంగుళాల సిలిండరులో తేడా పాత షిల్లింగు నాణెపు మందమైనా లేదు. 1776లో టిప్టన్ వద్ద బొగ్గుగనిలోనూ, విల్కిన్సన్ కొలిమి దగ్గరనూ కొత్త యంత్రాలు నడిచాయి. చరిత్రగ్రంథాలలో విల్కిన్సన్‌కు ఒక పంక్తి మాత్రమే దక్కడం న్యాయం కాదు.

అటుపిమ్మట కథ వేగంగా సాగుతుంది. పునర్వివాహం, ఐశ్వర్యం, చక్రాన్ని త్రిప్పే యంత్రం, వేగాన్ని అదుపులో వుంచే గోళాలు, గుఱ్ఱపుశక్తి లెక్క అన్నీ ఆ పాతికేండ్లలోనివే. ఒక్క సంగతి మాత్రం దాచరాదు. అతని వద్దనే పనిచేసే విలియం మర్డాక్ 1784లో ముప్పావు అంగుళం సిలిండరుతో మూడు చక్రాల చిన్న ఆవిరిబండి చేసి నేలమీద నడిపించాడు. వాట్ దానిని ప్రోత్సహించలేదు; మర్డాక్ ఆ ధ్యాస విడిచి తన పని చూచుకోవాలని కోరాడు. 1786లో పేటెంటుకై లండనుకు బయలుదేరిన మర్డాక్‌ను బౌల్టన్ దారిలో పట్టుకొని వెనుకకు త్రిప్పాడు. బల్లమీది బొమ్మ వల్లనే తన భాగ్యం తెరచుకొన్నదని ఎరిగినవాడు, మరొకని బొమ్మను ఇలా చూచాడు!

పేటెంటు గడువు 1800లో ముగియగానే వాట్ వ్యాపారం నుండి విరమించుకొన్నాడు. హీత్‌ఫీల్డ్ అనే తన ఇంటి అటకమీద చిన్న గది కర్మశాలగా చేసుకొన్నాడు. కిటికీ ప్రక్కన తరిమెన, చుట్టూ ఆకురాళ్ళు, పట్టకారులు, సొరుగుల నిండా ఇత్తడి ముక్కలు. శిల్పాలకు అచ్చమైన ప్రతులు చెక్కే యంత్రాలు రెండు అక్కడే నిర్మించాడు. రెండవ భార్య కుమారుడు గ్రెగరీ, మిక్కిలి ప్రతిభావంతుడు, 1804లో క్షయవ్యాధితో 27వ యేట మరణించాడు. ఆ పిల్లవాని పెట్టెను తండ్రి ఆ గదిలోనే తన పనిబల్లకు దాపున వుంచుకొన్నాడు.

1819 ఆగస్టు 25న వాట్ కన్నుమూశాడు. ఆ గదికి తాళం వేశారు. నూరేండ్లు దాటిన తరువాత, 1924లో, నేలపలకలతో సహా ఆ గదిని విప్పి లండను సైన్సు మ్యూజియమునకు చేర్చారు. లెక్కపెట్టగా అందులో వస్తువులు ఎనిమిది వేలకు పైగా తేలాయి. గ్రెగరీ పెట్టె కూడా వాటిలో వున్నది. రెండంగుళాల సిలిండరు గల ఇత్తడి యంత్రం మాత్రం గ్లాస్గో విశ్వవిద్యాలయపు మ్యూజియములో వున్నది.