జీడీ నాయుడు: కష్టపడి కొన్న బైక్‌ను నట్టు నట్టూ విప్పేశాడు.. కోయంబత్తూరు తెలుగోడి కథ తెలుసా?

మూడో తరగతితోనే బడికి దండం పెట్టేశారు. తర్వాత ఏకంగా ఇంజినీరింగ్ కాలేజీకే ప్రిన్సిపాల్ అయ్యారు. ఈ రెండింటికీ మధ్యలో ఒక మోటార్ సైకిల్ ఉంది. పేరు రడ్జ్.. మోడల్ 1912.

పాత బుల్లెట్, యెజ్డీ, రాజ్‌దూత్ బళ్లను వెతికి పట్టుకుని, విప్పి, తుప్పు వదిలించి మళ్లీ బిగించే హాబీ ఈ మధ్య బాగా పెరిగింది. తిరుపతి, చిత్తూరులోనూ ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఉన్నారు. ఇంట్లోవాళ్ల చేత తిట్లు తింటూనే ఆదివారమంతా షెడ్డులో గడిపేస్తుంటారు. అలాంటి వాళ్లంతా ఒక్కసారైనా తెలుసుకోవాల్సిన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. జనానికి తెలిసిన పేరు జీడీ నాయుడు. ఆయన చనిపోయి యాభై ఏళ్లు దాటింది. ఇప్పుడు మాధవన్ హీరోగా ఆయన కథ జీడీఎన్ పేరుతో సినిమాగా తెరకెక్కడంతో మళ్లీ వార్తల్లోకి వచ్చారు.

ఇంతకీ ఎవరీయన?

1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. రైతు కుటుంబం. విజయనగర రాజులు, నాయకుల కాలంలో అటువైపు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి. వీళ్లదీ అందులో ఒకటి. ఇంట్లో తెలుగు, బయట తమిళం. చిత్తూరు జిల్లా సరిహద్దు పల్లెల్లో ఉండేవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. పైగా అప్పట్లో మన చిత్తూరు, వాళ్ల కోయంబత్తూరు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి.

చదువు మీద మనసు లేదు. ఇరవై ఏళ్ల వయసులో ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి నడుపుతున్న మోటార్ సైకిల్ ఆయన కంట పడింది. ఎద్దులు లేవు, గుర్రం లేదు.. అయినా బండి పోతోంది. అది ఎలా పోతోందో తెలియాలంటే దాన్ని సొంతం చేసుకోవాల్సిందే. కానీ చేతిలో డబ్బు లేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరారు. ఇడ్లీలు వడ్డించి, టేబుళ్లు తుడిచి, దొరికిన చిన్నాచితకా పనులన్నీ చేసి పైసా పైసా కూడబెట్టారు. చివరకు అదే బండిని ఆ దొర దగ్గరే కొన్నారు. మూడు వందల రూపాయలకు కొన్నారని చెబుతారు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే.

అంత కష్టపడి కొన్న బండిని ఎవరైనా ఏం చేస్తారు? ఊరంతా తిప్పి చూపిస్తారు. నాయుడు మాత్రం విప్పేశారు. ముక్క ముక్కగా విడదీసి, మళ్లీ బిగించారు.

ఇది వినడానికి తేలిగ్గానే ఉంటుంది. పాత బండి ముందు కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది ఆ కష్టం. విప్పడం ఎవరైనా విప్పుతారు. బిగించాక నాలుగు నట్లు మిగిలిపోతేనే అసలు కథ మొదలవుతుంది. ఇప్పుడైతే ప్రతి పార్ట్‌ను విప్పే ముందు ఫోన్లో ఫొటో తీసుకుంటాం. నట్లు, వాషర్లు వేరు వేరు కవర్లలో వేసి పేర్లు రాసుకుంటాం. అర్థం కాకపోతే యూట్యూబ్ ఉంది, పార్టులు ఆన్‌లైన్లో దొరుకుతాయి. లేదంటే లేత్ షాపుకెళ్లి చేయించుకుంటాం. ఆ కుర్రాడి దగ్గర ఇవేవీ లేవు.

ఆ కాలం బైక్ కూడా ఇప్పటి బైక్ లాంటిది కాదు. రడ్జ్ ఇంగ్లాండ్‌లోని కోవెంట్రీ కంపెనీ. అప్పటిదాకా సైకిళ్లు తయారుచేసి 1911 ప్రాంతంలో మోటార్ సైకిళ్లలోకి దిగింది. ఒకే సిలిండర్ ఇంజిన్. వెనక చక్రానికి చైన్ బదులు బెల్టు. బ్యాటరీ ఉండదు, నిప్పురవ్వ పుట్టించడానికి మాగ్నెటో ఉంటుంది. పిస్టన్ పైకి వచ్చే సమయానికి సరిగ్గా రవ్వ పడాలి, సరిగ్గా వాల్వ్ మూసుకోవాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయితే బండి స్టార్ట్ అవదు. కార్బొరేటర్‌లో పెట్రోల్, గాలి పాళ్లు కుదరకపోయినా అంతే. అంటే బిగించిన బండి మళ్లీ నడిచిందంటే అందులో ప్రతి ముక్క ఎందుకు ఉందో బిగించినవాడికి తెలిసిపోయినట్టే. బడిలో దొరకని చదువు నాయుడికి అక్కడ దొరికింది. ఆ బైక్‌తోనే ఆయన మెకానిక్ అయ్యారు.

తర్వాత దారి నేరుగా ఏమీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తిరుప్పూరులో పత్తి జిన్నింగ్ పెట్టి బాగా సంపాదించారు. ఆ డబ్బుతో బొంబాయి వెళ్లి పత్తి వ్యాపారంలో పోగొట్టుకుని ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. అప్పుడు కోయంబత్తూరులో వ్యాపారాలు నడుపుతున్న రాబర్ట్ స్టేన్స్ ఆయన్ను నమ్మి బస్సు కొనడానికి అప్పిచ్చారు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి బస్సు మొదలైంది. డ్రైవర్ ఆయనే. పళని అంటే కొండ మీద మురుగన్ గుడి. తిరుపతి వాళ్లకు తెలుసు కదా.. కొండ మీద దేవుడుంటే కింద బస్సుకు గిరాకీ తగ్గదు!

ఆ ఒక్క బస్సు కొన్నేళ్లలో యూనివర్సల్ మోటార్ సర్వీస్, యూఎంఎస్‌గా ఎదిగింది. దేశంలోనే బాగా నడిచే బస్సుల కంపెనీల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. బండి ఎక్కడ ఆగిపోతుందో, ఎందుకు ఆగిపోతుందో ఓనర్‌కే తెలిస్తే సర్వీసు అలాగే ఉంటుంది మరి.

చిత్తూరు జిల్లాలో బోరు వేయించిన రైతు ఎవరినైనా అడిగి చూడండి. మోటార్ ఎక్కడిదంటే ఎక్కువమంది చెప్పే ఊరు కోయంబత్తూరే. ఆ పేరు వెనకాలా నాయుడు ఉన్నారు. 1937లో పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో దేశంలోనే తొలి స్వదేశీ ఎలక్ట్రిక్ మోటార్ తయారైంది. డి.బాలసుందరం నాయుడుతో కలిసి జీడీ నాయుడు నడిపిన సంస్థ అది. మన పొలాల్లో నీళ్లు తోడే మోటార్ల పరిశ్రమకు మొదలు అక్కడే పడింది.

జర్మనీ వెళ్లొచ్చాక డ్రై సెల్స్‌తో నడిచే చిన్న మోటార్ పెట్టి రసాంత్ పేరుతో ఎలక్ట్రిక్ రేజర్ చేశారు. సన్నటి షేవింగ్ బ్లేడ్లు, పళ్ల రసం తీసే మెషీన్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, మోసం చేయడానికి వీల్లేని ఓట్ల మెషీన్.. ఇలా చాలానే ఉన్నాయి. పత్తి, బొప్పాయి మొక్కల మీదా ప్రయోగాలు చేశారు. ఇండియన్ ఎడిసన్ అన్న బిరుదు అందుకే వచ్చింది. నిజానికి ఆ బిరుదు ఆయనకు అంతగా నప్పదేమో. ఎడిసన్‌కు పేటెంట్లు, పెట్టుబడి పెట్టేవాళ్లు దండిగా ఉన్నారు. నాయుడికి ఎదురైనవి లైసెన్సులు, పన్నులు.

1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వొచ్చని చూపించారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారును 2,000 రూపాయలకే అందించేలా తయారుచేశారు. ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వలేదు. కారు ఆగిపోయింది. సామాన్యుడికి కారు అన్న మాట దేశమంతా వినపడింది చాలా ఏళ్ల తర్వాత! పన్నుల భారం మీద విసిగిపోయి ఒక దశలో తాను చేసిన వస్తువుల్ని జనం ముందే ధ్వంసం చేశారు. ఒక్కో ముక్కా దాచుకుని బిగించిన చేతులు అవి. ఎంత మండితే అంత పని చేసి ఉంటారు?

కాలేజీ సంగతీ ఇంచుమించు ఇంతే. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. ఆర్థర్ హోప్ అంటే అప్పటి మద్రాసు గవర్నర్. 1944 ఏప్రిల్‌లో తిరుమల మొదటి ఘాట్ రోడ్డును ప్రారంభించింది ఈయనే. ఆ కాలేజీకి నాయుడు ప్రిన్సిపాల్. మూడో తరగతి మనిషి! ఇంజినీరింగ్‌కు నాలుగేళ్లు ఎందుకు, చేత్తో పని నేర్పితే రెండేళ్లు చాలన్నది ఆయన వాదన. బ్రిటిష్ సర్కారు ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి బయటకొచ్చేశారు. ఆ కాలేజీయే ఇప్పటి కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ.

రెండేళ్లు చాలా, చాలవా అన్నది పక్కన పెడదాం. లెక్కలు, థియరీ రాకుండా ఇంజినీర్ కాలేడనే వాదనలోనూ బలం ఉంది. కానీ డిగ్రీ చేతికొచ్చినా కార్బొరేటర్ విప్పి చూడని ఇంజినీర్లు ఎంతమంది లేరు? హీరో మోటోకార్ప్ ప్లాంట్ మన సత్యవేడు మండలంలోనే నడుస్తోంది. బళ్లు ఇక్కడే తయారవుతున్న రోజుల్లో నాయుడు లేవనెత్తిన ఆ గొడవ మనకు పాతదేమీ కాదు.

1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. 2025 అక్టోబర్‌లో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద కట్టిన 10.1 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు జీడీ నాయుడు పేరే పెట్టారు. వీధుల పేర్లలోంచి కులం పేర్లు తీసేయాలని తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వులిచ్చిన రోజుల్లోనే ఈ పేరు రావడంతో కొంత చర్చ కూడా నడిచింది.

ఆయన పేరుతో ఉన్న మ్యూజియం కూడా అదే అవినాశి రోడ్డులో ఉంది. పాత కార్ల కోసం 2015లో విడిగా జీడీ కార్ మ్యూజియం కూడా తెరిచారు. నాయుడు విప్పి బిగించిన రడ్జ్ ఇప్పటికీ కోయంబత్తూరులోనే భద్రంగా ఉంది. తిరుపతి నుంచి కోయంబత్తూరుకు నేరుగా రైలు ఉంది కాబట్టి పాత బళ్ల పిచ్చి ఉన్నవాళ్లు ఒకసారి వెళ్లి చూసి రావొచ్చు.